గొల్లభామతో బెంగళూరు ఫ్లైట్: పెంపుడు పురుగుని వైజాగ్ నుంచి విమానంలో తీసుకెళ్లాలంటే

"పెట్ బరువెంత మేడమ్" అని కస్టమర్ కేర్ అమ్మాయి అడిగింది, మూడు నాలుగు గ్రాములుంటుందేమోనండీ అన్నాను, "కిలోలా మేడమ్?" అంది, కాదమ్మా గ్రాములే, గొల్లభామ, పురుగు, అన్నాక అటువైపు అర నిమిషం దాకా మాటే లేదు. మా ఆయనకి బెంగళూరు ట్రాన్స్‌ఫర్ అయ్యి ఎంవీపీ కాలనీలో ఇల్లు ఖాళీ చేస్తున్నప్పటి సంగతి ఇది. సామాన్లు లారీలో పోతాయి, మేము ఫ్లైట్‌లో పోతాం, మరి మా చిన్నదాని గొల్లభామ ఎందులో పోతుంది? దాన్ని వదిలేసి రానని మా చిన్నది రెండ్రోజులు అన్నం మానేసింది. సరే అని మొదలుపెట్టాక ఎవర్నడిగినా నవ్వేవాళ్లే తప్ప చెప్పేవాళ్లు లేరు, అందుకే నేను పడ్డ తిప్పలన్నీ ఒకచోట రాసేస్తున్నా.

కొన్ని ఊళ్లలో మిడతని కూడా గొల్లభామ అంటారు, నేను చెప్పేది ముందు కాళ్లు రెండూ దణ్ణం పెట్టినట్టు మడుచుకుని, తల అటూ ఇటూ తిప్పి మనల్నే చూసే ఆకుపచ్చదాన్ని. మేడ మీద కరివేపాకు కొమ్మకి ఎండిపోయిన నురుగులా అతుక్కుని ఒక గుడ్ల తిత్తి కనిపిస్తే మా చిన్నది దాన్ని సీసాలో పెట్టింది, ఒకరోజు పొద్దున్నే చూస్తే దోమలంత పిల్లలు బిలబిలమంటూ వచ్చేశాయి, మిగతావన్నీ మొక్కల్లో వదిలేసి ఒక్కదాన్ని ఉంచుకుంది, రైతుబజార్‌లో మెత్తబడిపోయిన అరటిపళ్లు తెప్పించి వాటి మీద మూగే పండు ఈగల్ని పెట్టి పెంచింది. దాని పేరు రుక్మిణి. దానికి ముందు సత్యభామ అని ఒకటుండేది, ఆవిడ కథ కిందకి వచ్చాక చెప్తా.

ముందు అసలు తీసుకెళ్లాలా వద్దా అన్నది తేల్చుకోండి. నాలుగు రోజుల పెళ్లికో, దసరా సెలవులకో వెళ్తుంటే మాత్రం వద్దు, ఇంట్లోనే వదిలేయండి. ఎదిగిన గొల్లభామ తిండి లేకపోయినా వారం దాకా నెట్టుకొస్తుంది, దానికి కావాల్సింది కాస్త తడి. పక్కింటి వాళ్లకి చిన్న స్ప్రే బాటిల్ ఇచ్చి రోజు విడిచి రోజు డబ్బా గోడ మీద రెండుసార్లు కొట్టమంటే సరిపోతుంది, ఈగ వేయడానికి వాళ్లు జంకితే వేయొద్దనండి, మనం వచ్చాక వేసుకుందాం. ఇక హైదరాబాద్ వెళ్లేవాళ్లయితే ఫ్లైట్ గొడవెందుకు, 2023 సంక్రాంతికి మొదలైన వందేభారత్ ఉంది, ఎనిమిదిన్నర గంటల్లో సికింద్రాబాద్, స్టేషన్లో ఇన్ని గేట్లూ ఇన్ని ప్రశ్నలూ ఉండవు. నాలాగా ఇల్లు మారిపోతున్నవాళ్లు, దూరం పోయేవాళ్లు, వెనక చూసేవాళ్లు ఎవరూ లేనివాళ్లు మాత్రం చదవండి.

అందరూ అడిగే మొదటి ప్రశ్న, పైకి వెళ్తే దానికి ఊపిరాడుతుందా అని. పురుగుకి మనలా ఊపిరితిత్తులు ఉండవు, ఒంటికి రెండు పక్కలా సన్నటి రంధ్రాలుంటాయి, గాలి వాటిలోంచి చిన్న చిన్న గొట్టాల్లో నేరుగా ఒంట్లోకి పోతుంది, కదలకుండా కూర్చున్న పురుగుకి కావాల్సిన గాలి చాలా తక్కువ. విమానం 35 వేల అడుగుల్లో పోతున్నా లోపల ఒత్తిడి మాత్రం మహా అయితే 8 వేల అడుగుల కొండ మీద ఉన్నట్టు ఉంచుతారు, అంటే సుమారు 2,400 మీటర్లు, ఊటీ 2,240 మీటర్లు, ఊటీ కంటే ఓ మెట్టు పైన అనుకోండి, ఊటీలో పురుగులు బతకట్లేదా? దిగాక బెంగళూరు 900 మీటర్లు, మన అరకు ఎత్తే. కాబట్టి ఎత్తుతో బెంగ లేదు.

బెంగల్లా పొడి గాలితోనే. మన వైజాగ్‌లో ఆరేసిన చొక్కా సాయంత్రానికి కూడా చెమ్మగానే ఉంటుంది కదా, అలాంటి గాలిలో పుట్టి పెరిగిన పురుగుని తీసుకెళ్లి తేమ 20 శాతం కూడా లేని క్యాబిన్లో కూర్చోబెడుతున్నాం. గంటా నలభై నిమిషాల ఫ్లైట్‌కి దీనివల్ల ప్రాణం మీదకేమీ రాదు గానీ మధ్యలో ఇంకో ఫ్లైట్ మారేదైతే, ఆలస్యాలు కలిపి ఎనిమిది పది గంటలైతే, చిన్న పిల్ల పురుగులు ఎండిపోతాయి. డబ్బాలో ఒక మూల తడిపి బాగా పిండేసిన దూది ఉండ పెట్టండి, టిష్యూ పేపర్ అయినా పర్వాలేదు, నీళ్లు కారేలా మాత్రం వద్దు, ఒక్క చుక్క నీళ్లలో చిన్న పురుగు మునిగి చచ్చిపోతుంది. నీళ్ల గిన్నె అసలే వద్దు.

రెండో ప్రశ్న ఎక్స్‌రే. నాకూ భయమే ఉండేది, తీరా లెక్క చూస్తే నవ్వొచ్చింది. బ్యాగుల ఎక్స్‌రే మిషన్‌లోంచి ఒకసారి పోతే తగిలే రేడియేషన్ ఒక గ్రేలో (గ్రే అంటే ఒంటికి పట్టే రేడియేషన్ కొలత) లక్షో వంతు ఉంటుంది, అంతకంటే తక్కువే ఉంటుంది. పంటల్ని పాడుచేసే పండు ఈగల్ని ల్యాబుల్లో పెంచి సంతానం కలగకుండా రేడియేషన్ ఇచ్చి పొలాల్లోకి వదులుతారు, దానికి వాడేది 100 గ్రే దాకా, అంత ఇచ్చినా ఆ ఈగ చావదు, ఎగురుకుంటూ పోయి జత కడుతుంది. మనిషికి నాలుగైదు గ్రేలే ప్రాణాంతకం. కాబట్టి సెక్యూరిటీ వాళ్లు చేత్తో చెక్ చేయం, మిషన్‌లోనే పెట్టండి అంటే గొడవపడకుండా పెట్టేయండి. నేను భయపడేది ఆ బెల్టు మీద ట్రేలు ఒకదాన్నొకటి గుద్దుకోవడం గురించే, డబ్బా తిరగబడకుండా చుట్టూ చున్నీ పెట్టాను.

ఇప్పుడు టైమింగ్, ఇది అన్నిటికంటే ముఖ్యం, టికెట్ బుక్ చేసే ముందే చూసుకోవాలి. పెరిగే పురుగు కొన్ని వారాలకోసారి కుబుసం విడుస్తుంది, గొల్లభామ అయితే తలకిందులుగా వేలాడి పాత చర్మంలోంచి కిందకి జారినట్టు బయటికి వస్తుంది. ఆ టైంలో కుదిపితే కింద పడుతుంది, కాళ్లు వంకరపోతాయి, చాలాసార్లు చచ్చిపోతుంది. ఒకటి రెండు రోజుల ముందు నుంచి తిండి ముట్టదు, కదలకుండా ఒకచోట వేలాడుతుంది, రెక్కలు రాబోయే చివరి కుబుసమైతే వీపు మీద రెక్కల మొగ్గలు ఉబ్బి కనిపిస్తాయి. అలా కనిపిస్తే టికెట్ డేట్ మార్చుకోండి, డబ్బులు పోయినా పర్లేదు. కుబుసం విడిచాక కూడా రెండ్రోజులు ఒళ్లు మెత్తగా ఉంటుంది, అది గట్టిపడ్డాకే ప్రయాణం. రెక్కలు పూర్తిగా వచ్చేసిన పెద్ద పురుగైతే మళ్లీ కుబుసం ఉండదు, దాన్ని తీసుకెళ్లడం చాలా ఈజీ, కాకపోతే దాని ఆయుష్షే అక్కడి నుంచి ఇంకో కొన్ని నెలలు, అది మా చిన్నదానికి చెప్పలేదు.

వాతావరణం సంగతి కూడా చూడండి. మే నెల వైజాగ్‌లో మధ్యాహ్నం ఫ్లైట్ వద్దు, కారణం ఫ్లైట్ కాదు, ఎయిర్‌పోర్టు దాకా వెళ్లే రోడ్డు, అది తర్వాత చెప్తా. మన దగ్గర వానలు వెనకపట్టాక, అక్టోబర్ నవంబర్లలో గొల్లభామలు రెక్కలొచ్చి పెద్దవి కనిపిస్తాయి, సరిగ్గా అదే తుఫాన్ల టైం. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు మన ఎయిర్‌పోర్టు టెర్మినల్ పైకప్పు ఏమైందో చూసినవాళ్లకి చెప్పక్కర్లేదు, రోజుల తరబడి ఫ్లైట్లే లేవు. అంత కాకపోయినా అల్పపీడనం పడితే ఫ్లైట్ క్యాన్సిల్ అవడం, వేరే ఊళ్లో దింపేయడం మామూలే, కాబట్టి గంటన్నర ప్రయాణమే కదా అనుకోకుండా రెండ్రోజులకి సరిపడా ఏర్పాటు దగ్గరుంచుకోండి, చిన్న స్ప్రే బాటిలూ దూదీ చాలు.

పర్మిషన్ విషయానికొస్తే నిజం చెప్పాలంటే ఇక్కడ రూల్ అంటూ సూటిగా ఏమీ దొరకదు. ఇండిగోలో సర్వీస్ డాగ్ తప్ప పెంపుడు జంతువుల్ని ఎక్కించరు, అకాసాలో కుక్కలూ పిల్లులూ, ఎయిర్ ఇండియాలో కుక్కలూ పిల్లులూ పక్షులూ, ఈ పాలసీలు కూడా ఎప్పటికప్పుడు మారుతుంటాయి కాబట్టి బుక్ చేసే రోజు మళ్లీ చూసుకోండి. పురుగు అన్న మాట వాటిల్లో నాకు కనపడలేదు. లేదు కాబట్టి ఓకే అని మనం అనుకుంటాం, లేదు కాబట్టి కుదరదు అని కౌంటర్ దగ్గరున్నాయన అనుకుంటాడు, ఫ్లైట్ వాళ్లదే కాబట్టి ఆయన అనుకున్నదే జరుగుతుంది. అందుకని ఫోన్ మాటలు నమ్ముకోకుండా టికెట్ కొనక ముందే మెయిల్ పెట్టండి. అందులో రాయాల్సింది: ఏ పురుగు, ఎన్ని, ఎంత సైజు, విషం లేదు, కుట్టదు, మూత బిగించిన చిన్న ప్లాస్టిక్ డబ్బాలో ఉంటుంది, ఆ డబ్బా నా హ్యాండ్ బ్యాగులోనే ఉంటుంది, ఫ్లైట్‌లో తెరవను. డబ్బా ఫోటో పెట్టండి, పురుగు క్లోజప్ ఫోటో మాత్రం పెట్టకండి, దాని కళ్లు చూస్తే ఎవరికైనా గుండె జారుతుంది. నేను పెట్టిన మొదటి మెయిల్‌కి కుక్క వ్యాక్సిన్ సర్టిఫికెట్ పంపమని జవాబొచ్చింది, మళ్లీ రాశా, మూడో మెయిల్‌కి ఒప్పుకున్నారు, అది ప్రింట్ తీసి పెట్టుకున్నా. ఒప్పుకోకపోతే ఇంకో కంపెనీని అడగండి, ఎవరూ ఒప్పుకోకపోతే రైలే. చెప్పకుండా జేబులో వేసుకెళ్లిపోతే ఏమవుతుందిలే అని మా మరిది సలహా ఇచ్చాడు, పైన గాల్లో అది జారి ఎవరి జడ మీదో వాలితే ఆ అరుపులకి పైలట్ దాకా పోతుంది విషయం, అప్పుడు చూడండి మన పరిస్థితి.

చట్టం వైపు ఒకటి మర్చిపోవద్దు. మేడ మీద కరివేపాకు మొక్కకి దొరికిన పురుగు వేరు, కంబాలకొండలోంచి తెచ్చింది వేరు. కంబాలకొండ వైల్డ్‌లైఫ్ శాంక్చురీ, అక్కడి నుంచి పురుగుని కూడా పట్టుకు రాకూడదు. 1972 వన్యప్రాణి చట్టం షెడ్యూళ్లలో చాలా సీతాకోకచిలుకలు ఉన్నాయి, కాబట్టి అనంతగిరిలో రంగురంగులుగా కనపడింది కదా అని సీసాలో పెట్టుకోకండి. 2008లో డార్జిలింగ్ దగ్గర సింగలీలా నేషనల్ పార్కులో పురుగులు పట్టారని ఇద్దరు చెక్ దేశస్థుల్ని అరెస్ట్ చేశారు, పురుగే కదా అని వాళ్లూ అనుకునే ఉంటారు.

డబ్బా గురించి. ఖరీదైనవేమీ కొనకండి, స్వీట్ షాపువాళ్లిచ్చే అరకిలో పారదర్శక ప్లాస్టిక్ డబ్బా బ్రహ్మాండంగా పనికొస్తుంది, పారదర్శకంగా ఉండడం చాలా అవసరం ఎందుకంటే సెక్యూరిటీలో మూత తీయకుండానే లోపల ఏముందో కనపడాలి. ఎత్తు పురుగు పొడవుకి మూడింతలు, వెడల్పు రెండింతలు ఉంటే చాలు, మరీ పెద్దదైతే కుదుపులకి లోపల ఎగిరి గోడలకి కొట్టుకుంటుంది. గాలి రంధ్రాలు సూది కాల్చి లోపలి నుంచి బయటికి పొడవండి, బయటి నుంచి లోపలికి పొడిస్తే కరిగిన ప్లాస్టిక్ మొనలు లోపలి వైపు తేలి కాళ్లకి గీసుకుంటాయి, ఇది నేను మొదటి డబ్బా పాడుచేసి నేర్చుకున్నా. మూతకి లోపల దోమతెర గుడ్డ ముక్క అంటించండి, గొల్లభామ దానికే తలకిందులుగా వేలాడుతుంది. మేము ఒక తులసి పుల్ల కూడా అడ్డంగా ఇరికించాం, రుక్మిణి కదా తులసి ఉండాలి అని మా చిన్నది, తులాభారం వేస్తావా అని మా ఆయన. మూత చుట్టూ టేప్ వేయండి గానీ పూర్తిగా మూసేయకండి, సెక్యూరిటీ వాళ్లు తెరవమంటే కత్తెర కూడా ఉండదు మన దగ్గర. పైన హిందీలో, ఇంగ్లీషులో ప్రాణమున్న పురుగు, తెరవద్దు అని రాసి ఫోన్ నంబర్ వేయండి. లోపల తిండి పురుగులు వేయకండి, తినని ఈగ అటూ ఇటూ తిరిగి దాన్ని విసిగిస్తుంది, కీచురాయి అయితే కొరుకుతుంది కూడా. ముందు రోజు పొద్దున ఒక మంచి భోజనం, ఆ తర్వాత ఖాళీ కడుపు. చెకిన్ లగేజీలో మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ వేయొద్దు, అక్కడ విసిరేసే విసుర్లకి, ఎండలో ట్రాలీ మీద నిలబెట్టే నిలబెట్టడానికి మన సూట్‌కేసు చక్రాలే ఊడిపోతున్నాయి.

ఇక సత్యభామ కథ. ఇల్లు చూసుకోవడానికి మొదటిసారి బెంగళూరు కారులో వెళ్లాం, అంత దూరం పదహారు పదిహేడు గంటలు అది శుభ్రంగా వచ్చింది, దార్లో ఈగ కూడా తింది. రాత్రి హోటల్లో దిగాం, డబ్బా టేబుల్ మీద పెట్టి పడుకున్నాం, పొద్దున లేచేసరికి వెల్లకిలా పడి కాళ్లు వణుకుతున్నాయి, పది గంటలకి పోయింది. మంచం వెనక ప్లగ్గులో దోమల లిక్విడ్ మిషన్ రాత్రంతా వెలుగుతూనే ఉంది, రూం బాయ్ పెట్టి వెళ్లాడంట, మేము చూసుకోలేదు. మా చిన్నది ఏడ్చిన ఏడుపు ఆ హోటలంతా వినిపించింది. అప్పట్నుంచీ నా లెక్కలో పెంపుడు పురుగుకి మొదటి శత్రువు మన ఇంట్లో, గదిలో, బ్యాగులో కనపడకుండా ఉండే మందులు. దోమని చంపేది గొల్లభామని వదిలేస్తుందా, దోమల మందుకి ఏ పురుగైనా ఒకటే. గదిలోకి వెళ్లగానే ప్లగ్గులన్నీ చూడండి, మిషన్ తీసేసి కిటికీలు తెరవండి, వీలైతే ముందే ఫోన్ చేసి పెట్టొద్దని చెప్పండి. లక్ష్మణరేఖ గీసిన గోడ దగ్గర డబ్బా పెట్టకండి. అటక మీంచి దింపిన బ్యాగులో కలరా ఉండల వాసన వస్తుంటే ఆ బ్యాగు వాడకండి, ఉతికి రెండ్రోజులు ఎండలో పెట్టినా వాసన పోకపోతే ఇంకోటి తీసుకోండి. ఓడోమాస్ రాసుకున్న చేతుల్తో డబ్బా లోపలికి చేయి పెట్టొద్దు, ఇంట్లో కుక్క ఉండి దానికి గోమార్ల మందు వేసి ఉంటే దాన్ని నిమిరిన చేతులు సబ్బుతో కడుక్కోవాలి. అద్దెకి దిగే కొత్త ఇంట్లో ఓనర్ పెస్ట్ కంట్రోల్ చేయించి రెడీగా ఉంచుతాడు చూడండి, మనకి అది మర్యాద, పురుగుకి అది శ్మశానం. మేము ఓనర్‌ని బతిమాలి ఒక బెడ్‌రూంలో కొట్టొద్దని చెప్పాం, కారణం చెప్పలేదు, చెప్తే ఇల్లే ఇచ్చేవాడు కాదేమో.

ప్రయాణం రోజు. పొద్దున్నే ఫ్లైట్ తీసుకోండి. ఎంవీపీ నుంచి ఎన్ఏడీ జంక్షన్ మీదుగా ఎయిర్‌పోర్టుకి పొద్దున అరగంటలో పోతాం, సాయంత్రమైతే ఎన్ఏడీ దగ్గర దేవుడికే తెలియాలి. డ్రైవర్‌ని డ్యాష్‌బోర్డు మీద పెర్‌ఫ్యూమ్ సీసా తీసేయమనండి, అగరబత్తి వెలిగించుంటే ఆర్పమనండి. ఏసీ గాలి నేరుగా డబ్బాకి తగలకూడదు. దార్లో టిఫిన్‌కి ఆగితే డబ్బాని కార్లో వదిలి దిగొద్దు, అద్దాలేసిన కారు ఎండలో పావుగంట ఉంటే లోపల ఎంత వేడెక్కుతుందో స్టీరింగ్ ముట్టుకుంటే తెలుస్తుంది, పురుగు తన ఒంటి వేడిని తను చల్లబరుచుకోలేదు, బయటెంతుంటే దానికంతే. ఇందాక మే నెల మధ్యాహ్నం వద్దన్నది అందుకే.

మన పాత ఎయిర్‌పోర్టు నేవీ వాళ్ల ఐఎన్ఎస్ డేగా స్థలంలోనిది, అక్కడ రన్‌వే వైపు ఫోటోలూ వీడియోలూ తీయకూడదు, పురుగు మొదటి ఫ్లైట్ అని రీల్ తీద్దామనుకుంటే ఇంట్లోనే తీసుకోండి. డిజియాత్రలో మొహం చూపించి లోపలికి సర్రున పోయినా బోర్డింగ్ పాస్ కోసం కౌంటర్‌కే వెళ్లండి, మెయిల్ ప్రింట్ చూపించి డబ్బా చూపించండి, ఇది దాటకుండా సెక్యూరిటీకి వెళ్లొద్దు. సెక్యూరిటీలో ట్రేలో పెట్టే ముందే సీఐఎస్ఎఫ్ ఆయనకి చెప్పాను, సార్ ఇసమే జిందా కీడా హై, అని నా హిందీలో. ఆయన డబ్బా ఎత్తి చూశాడు, రుక్మిణి తల తిప్పి ఆయన్ని చూసింది, ఆయన వెనక్కి రెండడుగులేసి ఇంకో ఇద్దర్ని పిలిచాడు, కాటేగా క్యా అని ఒకరు, ఉడేగా క్యా అని ఇంకొకరు, చివరికి పెద్దాఫీసర్ వచ్చి మెయిల్ చదివి బెల్టు మీద పెట్టమన్నాడు, అటు చివర అందరూ నిలబడి స్క్రీన్ మీద అదెలా కనిపిస్తుందో చూశారు. మొత్తం పావుగంట పట్టింది, మీరు అరగంట వేసుకోండి. వాళ్లు తెరవమంటే రద్దీలో తెరవొద్దు, పక్క గదిలోకి తీసుకెళ్లమని మర్యాదగా అడగండి, ఒక పెద్ద జిప్ కవర్ వెంట ఉంచుకుంటే డబ్బాని అందులో పెట్టి తెరవచ్చు, ఎగిరినా కవర్లోనే ఉంటుంది.

సీట్లో కూర్చోగానే పైన గాలి నాజిల్ మూసేయండి. టేకాఫ్‌కి బ్యాగు ముందు సీటు కింద పెట్టమంటారు, పెట్టండి, పైన బిన్‌లో వద్దు, ఎవరో సూట్‌కేసు తెచ్చి దాని మీద తోసేస్తారు. పక్కవాళ్లకి చెప్పాలా వద్దా? నేనైతే అడిగితే చెప్పాలి, అడక్కపోతే నోరు మూసుకోవాలి అంటాను. నా పక్కన సీతమ్మధార ఆవిడ, కొడుకు దగ్గరికి వెళ్తోంది, "ఏటమ్మా అది, ఆ డబ్బాలో, పచ్చిమిరపకాయా" అంది, గొల్లభామ అత్తా అన్నా, "ఓసి, మా చిన్నప్పుడు దాని చెయ్యి చూపించమని ఊరి దారి అడిగేవోళ్లం" అని ల్యాండింగ్ దాకా కబుర్లే, నా అదృష్టం. అందరికీ అలాంటి ఆవిడ దొరకదు.

విదేశాలకి మాత్రం తీసుకెళ్లొద్దు, ఒక్క మాటలో. అమెరికాకి పురుగుని తేవాలంటే వాళ్ల వ్యవసాయ శాఖ పర్మిట్ కావాలి, పీపీక్యూ 526 అంటారు, పెంపకం సరదాకి అది రావడం కష్టం. ఆస్ట్రేలియా గురించి ఊరగాయ తీసుకెళ్లినవాళ్లనడగండి చాలు. కొన్ని దేశాలకి పోయే విమానాల్లో దోమలు రాకుండా ప్రయాణికులుండగానే మందు స్ప్రే చేస్తారు లేదా గోడలకీ సీట్లకీ ముందే పట్టించి ఉంచుతారు, అంటే అక్కడి చట్టం దాకా పోకుండా విమానంలోనే కథ అయిపోతుంది. అక్కడి నుంచి ఇక్కడికి తేవడమూ అంతే, 2003 ప్లాంట్ క్వారంటైన్ ఆర్డర్ ప్రకారం పర్మిట్ లేకుండా బతికున్న పురుగు దేశంలోకి రాకూడదు. వీళ్లకింత పట్టుదల ఎందుకంటారా, మన కొబ్బరితోటల్లో కనపడే కొమ్ము పురుగు 2007లో పసిఫిక్ సముద్రంలోని గ్వామ్ దీవిలో, 2013లో హవాయిలో తేలింది, ఇప్పటికీ అక్కడి కొబ్బరిచెట్లు దానికి బలవుతున్నాయి. మన మొక్కజొన్నకి పట్టిన కత్తెర పురుగు కూడా అమెరికా ఖండం నుంచి బయల్దేరిందే, 2018లో కర్ణాటకలో మొదట కనపడి ఏడాది తిరక్కుండా మన పొలాల్లోకి వచ్చేసింది.

మిగతా పురుగులు పెంచేవాళ్లకి గబగబా నాలుగు ముక్కలు. అచ్చం ఎండుపుల్లలా కనపడే పుల్ల పురుగులైతే అవి తినే ఆకు కొమ్మని మొదట్లో తడి దూది చుట్టి డబ్బాలో పెట్టండి, గుడ్లు గింజల్లా రాలి కింద పడి ఉంటాయి, దిగాక డబ్బా దులిపేముందు చూసుకోండి, ప్రపంచమంతా ల్యాబుల్లో పెంచే ఇండియన్ పుల్ల పురుగు మన తమిళనాడు పళని కొండలదే, మగది లేకుండానే ఆడది గుడ్లు పెట్టేస్తుంది. చీమల రాణి అయితే టెస్ట్‌ట్యూబ్‌లో నీళ్లూ దూదీ ఉంటాయి కాబట్టి పడుకోబెట్టి నల్ల గుడ్డ చుట్టండి, కుదుపుకి దూది వదిలేస్తే నీళ్లలో కొట్టుకుపోతుంది. కొమ్ము పురుగైతే గుడ్డ తెరని కొరికేస్తుంది, స్టీల్ జాలీ వేయాలి, జపాన్‌లో పిల్లలు వీటిని షాపుల్లో కొనుక్కుని పెంచుతారు, మన దగ్గర కొబ్బరి రైతు చూస్తే మనల్ని కొడతాడు, కోనసీమ వైపైతే తీసుకెళ్లనే వద్దు. ఆరుద్ర పురుగుల్ని అగ్గిపెట్టెలో పెట్టి ఎక్కడికీ తీసుకెళ్లకండి, అసలది పురుగు కూడా కాదు, ఎనిమిది కాళ్ల జీవి, ఆరుద్ర కార్తె వానకి బయటికొచ్చి నాలుగు రోజుల్లో మళ్లీ మట్టిలోకి పోవాల్సింది. కొరియర్‌లో పంపేద్దాం అన్న ఆలోచన కూడా మానేయండి, అంతర్జాతీయ పోస్టల్ రూల్స్‌లో ప్రాణమున్నవాటిలో తేనెటీగలు, జలగలు, పట్టుపురుగుల్లాంటి కొన్నిటికే మినహాయింపు ఉంది, జలగలకి ఎందుకు ఇచ్చారో గానీ గొల్లభామకి ఇవ్వలేదు.

దిగాక ఆత్రపడి డబ్బా తెరవకండి. బెంగళూరులో సాయంత్రం చలి మన వాళ్లకి కొత్త, రుక్మిణి గంట సేపు కదల్లేదు, చచ్చిపోయిందని మా చిన్నది మొదలుపెట్టేసింది, గది కొంచెం వెచ్చబడ్డాక అదే తల తిప్పింది. ముందు మూత మీద నుంచే రెండు చుక్కలు స్ప్రే, అది తాగుతుంది, రాత్రికి వదిలేయండి, తిండి మర్నాడే. పెద్ద డబ్బాలోకి మార్చేటప్పుడు కిటికీలు వేసుకుని ఫ్యాన్ ఆపండి, ఫ్యాన్ తప్పకుండా ఆపండి. ఇంకోటి, ప్రయాణం అయ్యాక చిన్న డబ్బా మూత లోపలి వైపు చూడకుండా పారేయొద్దు, మాది దోమతెర మూలకి గుడ్ల తిత్తి పెట్టేసింది, ఎప్పుడు పెట్టిందో తెలీదు, బహుశా పైన గాల్లోనే. మాది మగదాన్ని చూడలేదు కాబట్టి అందులోంచి ఏమీ రాలేదు, బయటి నుంచి పట్టుకొచ్చిన ఆడదైతే మాత్రం ఆ తిత్తిని సీసాలో పెట్టి మూతికి బట్ట కట్టండి, వందల్లో పిల్లలు కర్టెన్ల మీద పాకేదాకా ఆగొద్దు.